కరువులో విత్తనపు గింజలు: నిధులు తగ్గినప్పుడు యుద్ధ విమానాలలో వేటిని వదులుకోవాలి

(నల్లగొండలో డిగ్రీ విద్యార్థులు, మాజీ సైనికులు కలిసి ఏర్పాటు చేసుకున్న సభలో, వైమానిక దళంలో ఇంజిన్ టెక్నీషియన్‌గా పనిచేసి విరమించిన వక్త చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న అధ్యాపకులకు, ముందు వరుసలో కూర్చున్న నా తోటి మాజీ సైనికులకు, ఇంత ఎండలో వచ్చిన విద్యార్థినీ విద్యార్థులకు కృతజ్ఞతలు. నేను దేవరకొండ వైపు ఒక పల్లెలో పుట్టాను. ఆముదపు చేలో కలుపు తీస్తుండగా ఎప్పుడైనా ఒక విమానం తల మీదుగా పోతే, పని ఆపి అది కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి. ఆ చప్పుడు వెంటే పోయి వైమానిక దళంలో చేరాను. తాంబరంలో శిక్షణ పొంది, ఇరవై ఏళ్లకు పైగా యుద్ధ విమానాల ఇంజిన్ల మీద పనిచేసి ఇంటికి తిరిగి వచ్చాను. నేను పైలట్‌ను కాను, వ్యూహకర్తను కాను. విమానాన్ని రెక్క కింద నిలబడి చూసినవాణ్ణి. ఈ రోజు చెప్పబోయేది కూడా అక్కడి నుంచి కనిపించే సంగతే.

ఒక దేశం తన రక్షణ బడ్జెట్‌ను తగ్గించుకోవలసి వచ్చినప్పుడు, లేదా పెంచినా అది అవసరానికి చాలనప్పుడు, యుద్ధ విమానాల దళాన్ని ఎలా కుదించుకోవాలన్నది ఈనాటి మన విషయం. పైకి ఇది తేలికైన లెక్కలాగే ఉంటుంది. వంద విమానాలు ఉన్నాయి, నిధులు ఐదో వంతు తగ్గాయి, కాబట్టి ఇరవై విమానాలు పక్కన పెడితే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ వైమానిక దళాల ఖర్చు అలా నడవదు, ఎందుకు నడవదో తెలియకపోతే పత్రికల్లో వచ్చే సగం వార్తలు మనకు అర్థం కావు.

ఒక ఊహా లెక్క చెబుతాను, ఇవి ఏ దేశపు అంకెలూ కావు. ఒక రకం యుద్ధ విమానాన్ని నడపడానికి, విమానాల సంఖ్యతో సంబంధం లేకుండా ఏడాదికి 600 కోట్లు ఖర్చవుతుందనుకోండి. ఆ రకానికి ప్రత్యేకమైన సిమ్యులేటర్, ఆ రకం మీద పైలట్లను తయారుచేసే శిక్షణ విభాగం, పరీక్షా పరికరాలు, ఇంజిన్లను పూర్తిగా విప్పి బాగుచేసే కార్ఖానా, తయారీదారుతో సాంకేతిక సహాయ ఒప్పందం, ఆయుధాలను ఆ విమానానికి అమర్చి పరీక్షించే పని, ఇవన్నీ అందులోకే వస్తాయి. దీనికి పైన ఒక్కో విమానానికి ఏడాదికి 10 కోట్ల చొప్పున ఇంధనం, విడిభాగాలు, మనుషుల ఖర్చు ఉంటుందనుకోండి. 60 విమానాలుంటే మొత్తం 1,200 కోట్లు, అంటే విమానానికి 20 కోట్లు. వాటిలో మూడో వంతు తీసేసి 40కి దించితే ఖర్చు 1,000 కోట్లు అవుతుంది. విమానాలు మూడో వంతు పోయాయి, మిగిలిన డబ్బు మాత్రం ఆరో వంతే. పైగా ఒక్కో విమానం ఇప్పుడు 25 కోట్లకు చేరింది. మరుసటి ఏడాది మళ్లీ కోత పడితే ఇంకో పది తీసేస్తారు, అప్పుడు విమానానికి 30 కోట్లు అవుతుంది. ఇలా ప్రతి రకంలోనూ కొంచెం కొంచెం గీకుతూ పోతే చివరికి మిగిలేది తక్కువ విమానాలు, ఎక్కువ ఖర్చు.

ఆర్టీసీ డిపోలో పనిచేసిన వాళ్లెవరైనా ఈ సభలో ఉంటే ఈ మాట వెంటనే పట్టుకుంటారు. డిపోలో అన్నీ ఒకే రకం బస్సులైతే స్టోరులో ఒకే రకం క్లచ్ ప్లేట్లు, ఒకే రకం బ్రేక్ లైనర్లు ఉంటే చాలు, ఏ మెకానిక్ అయినా ఏ బస్సు కిందికైనా దూరగలడు. నాలుగు కంపెనీల బస్సులుంటే నాలుగు రకాల సామాను ఉంచాలి, నాలుగు రకాల పని తెలిసిన వాళ్లుండాలి. అందుకే నిజంగా డబ్బు మిగలాలంటే ప్రతి రకంలోనూ కొన్ని తగ్గించడం కాదు, ఒక రకాన్ని మొత్తంగా తీసేయాలి. ప్రపంచంలో చాలా వైమానిక దళాలు ఈ నిర్ణయానికే వచ్చాయి. అయితే ఒక రకాన్ని మొత్తంగా తీసేసినప్పుడు దానితో పాటు ఆ విమానం మాత్రమే చేయగలిగిన పని, ఆ పని తెలిసిన మనుషులు కూడా పోతారు. నా ప్రసంగమంతా ఈ రెండో మాట చుట్టూనే ఉంటుంది.

విమానాల సంఖ్య అలాగే ఉంచి విడిభాగాల డబ్బు తగ్గిస్తే కింద ఏం జరుగుతుందో ముందు చెప్పనివ్వండి, ఎందుకంటే చాలా దేశాలు మొదట చేసేది ఇదే. తెల్లవారితే ఎగరవలసిన విమానంలో ఒక ఇంధన పంపు చెడిపోయింది. స్టోరులో కొత్తది లేదు. ఏఓజీ, అంటే విమానం నేల మీద ఆగిపోయిందని డిమాండ్ పంపుతాం. పంపు వచ్చేదాకా ఆగే వీలు లేదు. పక్క హ్యాంగరులో వేరే కారణంతో ఆగి ఉన్న మరో విమానం నుంచి అదే పంపును విప్పి తెస్తాం. చూసేవాళ్లకు ఇది తెలివైన పనిలా కనిపిస్తుంది. కానీ లెక్క వేయండి. మామూలుగా అయితే చెడింది విప్పడం, కొత్తది బిగించడం, ఇంతే పని. ఇప్పుడు చెడింది విప్పాలి, రెండో విమానంలోనిది విప్పాలి, దాన్ని ఇక్కడ బిగించి పరీక్షించాలి, కొత్తది వచ్చాక రెండో విమానంలో మళ్లీ బిగించి మళ్లీ పరీక్షించాలి. ఒక పని రెండు పనులైంది. విప్పిన ప్రతిసారీ ఒక సీలు నలుగుతుంది, ఒక పైపు కీలు వదులవుతుంది. రాత్రి రెండు గంటలకు టార్చి పళ్లతో పట్టుకుని, చెయ్యి మాత్రమే దూరే సందులో, కంటికి కనిపించని నట్టును వేళ్లతో తడిమి తిప్పిన వాళ్లకు ఆ రెండో పని ఎంత బరువో తెలుసు. పని ముగిశాక సామాను పెట్టెలో ప్రతి స్పానరూ దాని గీతలో కూర్చుందో లేదో లెక్క చూసుకుని, ఫారం 700 అనే విమానపు రికార్డులో సంతకం పెట్టాలి. ఆ సంతకాన్ని నమ్మి ఒక పాతికేళ్ల కుర్రవాడు ఉదయం ఆ విమానం ఎక్కుతాడు.

కాగితం మీద రెండు విమానాలు, ఎగిరేది ఒకటి. విమానాల సంఖ్యను కాపాడామని చెప్పుకుంటూ విడిభాగాలకు కోత పెట్టడం నా దృష్టిలో అన్నిటికంటే చెడ్డ మార్గం, ఎందుకంటే అందులో కోత కనిపించదు.

ఇప్పుడు కోతను దాచకుండా బాహాటంగా పెట్టిన ఒక దేశం అనుభవం చూద్దాం. 2010 అక్టోబరులో బ్రిటన్ ప్రభుత్వం తన రక్షణ సమీక్షను ప్రకటించింది. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన ఆర్థిక సంక్షోభంతో ఖజానా మీద భారం పడి ఉంది. రక్షణ బడ్జెట్‌ను, ధరల పెరుగుదలను కూడా లెక్కలోకి తీసుకుంటే, నాలుగేళ్లలో 8 శాతం తగ్గించాలని నిర్ణయించారు. అప్పుడు వాళ్ల దగ్గర నేల మీది లక్ష్యాలను కొట్టే విమానాలు ప్రధానంగా రెండు రకాలున్నాయి. ఒకటి టోర్నడో, రెండోది హారియర్. హారియర్ నిట్టనిలువుగా దిగగలదు, చిన్న ఓడ మీది నుంచి కూడా ఎగరగలదు. టోర్నడో రన్‌వే మీది నుంచే ఎగురుతుంది, కానీ సంఖ్యలో ఎక్కువ, దూరం పోగలదు, స్టార్మ్ షాడో అనే దూరశ్రేణి క్షిపణిని మోయగలదు. అఫ్ఘానిస్తాన్‌లో యుద్ధం నడుస్తున్న ఆ సమయంలో అక్కడికి ఎడతెగకుండా విమానాలు పంపాలంటే పెద్ద దళమే కావాలి. ఆ కారణాలతో టోర్నడోను ఉంచి, హారియర్‌ను మొత్తంగా తీసేశారు.

2010 డిసెంబరు 15న కాటెస్మోర్ స్థావరం నుంచి 16 హారియర్లు చివరిసారి బారుగా ఎగిరాయి. వాటిని మోసే ఆర్క్ రాయల్ ఓడను 2011 మార్చి 11న సేవ నుంచి తప్పించారు. సరిగ్గా ఎనిమిది రోజులకు, మార్చి 19న, లిబియా మీద వైమానిక దాడులు మొదలయ్యాయి. ఫ్రాన్స్ తన విమాన వాహక నౌకను లిబియా తీరం ముందుకు తెచ్చుకుంది. బ్రిటన్ టోర్నడోలు ఇంగ్లండులోని మార్హం నుంచి బయలుదేరి, దారిలో గాలిలోనే ఇంధనం నింపుకుంటూ, రానూపోనూ దాదాపు 4,800 కిలోమీటర్లు ఎగిరి దాడి చేసి వచ్చాయి. ఆ తర్వాత ఇటలీలోని స్థావరానికి మకాం మార్చాయి. పని జరగలేదని నేననను, జరిగింది. కానీ ఇంటి ముందు బావిని పూడ్చుకున్న వారం రోజులకు మూడు మైళ్లు నడిచి నీళ్లు తెచ్చుకున్నట్టయింది. 2011 నవంబరులో ఆ 72 హారియర్లను విడిభాగాలతో సహా సుమారు 11 కోట్ల 60 లక్షల పౌండ్లకు అమెరికా మెరైన్ దళానికి అమ్మేశారు. మెరైన్లు అప్పటికి ఇంకా తమ సొంత హారియర్లను నడుపుతున్నారు కాబట్టి, వాటికి విడిభాగాల కోసం వీటిని కొన్నారు.

బ్రిటన్ ఓడ మీది నుంచి యుద్ధ విమానం మళ్లీ ఎగిరింది 2018లో, క్వీన్ ఎలిజబెత్ ఓడ మీద ఎఫ్-35బి యుద్ధ విమానాల పరీక్షలు మొదలైనప్పుడు. ఎనిమిదేళ్ల ఖాళీ అది. ఊగుతున్న ఓడ మీద విమానాన్ని దింపడం, దింపిన విమానాన్ని ఇరుకు డెక్కు మీద తిప్పడం, ఉప్పుగాలిలో ఇంజిన్‌ను కాపాడుకోవడం పుస్తకంలో చదివితే వచ్చే విద్యలు కావు. అందుకే వాళ్లు ఒక మంచి పని చేశారు. ఆ ఖాళీ కాలంలో తమ పైలట్లను అమెరికా నౌకాదళంలోకి పంపి, అమెరికన్ ఓడల మీద, అమెరికన్ విమానాలతో చేయి ఆరిపోకుండా చూసుకున్నారు.

అదే సమీక్షలో నిమ్‌రాడ్ అనే సముద్ర గస్తీ విమానం కొత్త రకాన్ని కూడా, దాని మీద 300 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చయిన తర్వాత, రద్దు చేసి నరికి పారేశారు. అది ఫైటర్ కాదు, దాని కథ వేరు. కానీ జలాంతర్గాములను వెతికే ఆ సిబ్బంది విద్య పోకుండా, కొందరిని ఏరి అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దళాలలోకి పంపారు. 2020లో కొత్త పి-8 విమానాలు వచ్చినప్పుడు వాటిని నడపడానికి వాళ్లే ముందుండి దారి చూపారు. ఆ ఏర్పాటుకు వాళ్లు పెట్టుకున్న పేరు ‘సీడ్‌కార్న్’. అంటే విత్తనపు గింజలు.

ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు నాకు మా అమ్మ గుర్తుకు వచ్చింది. మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో కాలం కాని ఏడు ఎలా ఉండేదో ఇక్కడున్న పెద్దలకు నేను చెప్పనక్కర లేదు. గుమ్మి అడుగు కనిపించేది. ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడేవి, జనం వలస పోయేవాళ్లు. అయినా మా ఇంట్లో అటక మీద ఒక కుండ ఉండేది. అందులో జొన్న విత్తనాలు బూడిద, వేపాకు కలిపి పోసి, మూతి మీద పేడ మెత్తి ఉంచేది మా అమ్మ. గంజికి గింజలు లేని రోజున కూడా ఆ కుండ దించేది కాదు. చిన్నవాణ్ణి, ఆకలి వేసి ఒకసారి దాని వైపు చూపించాను. తిండి గింజలు అప్పు దొరుకుతాయి కానీ మన చేనుకు అచ్చొచ్చిన విత్తనం అప్పు దొరకదని చెప్పింది. ఖర్చు తగ్గించుకోవలసినప్పుడు ఏ వైమానిక దళమైనా ముందు తేల్చుకోవలసింది ఏవి తిండి గింజలు, ఏవి విత్తనపు గింజలు అన్నదే. విమానాలు చాలావరకు తిండి గింజలే. డబ్బుంటే మళ్లీ కొనవచ్చు. విత్తనం మనుషుల చేతుల్లో ఉంటుంది.

చేతుల్లో ఉంటుందని ఊరికే అనడం లేదు. జెట్ ఇంజిన్‌లో నూనె తిరిగే దారిలో ఒక చిన్న అయస్కాంతపు ప్లగ్ ఉంటుంది. లోపల బేరింగు అరిగితే రాలిన ఇనుపరజను దానికి అతుక్కుంటుంది. నిర్ణీత గంటలకోసారి దాన్ని తీసి, తెల్లటి కాగితం మీద తుడిచి, వెలుగులో పెట్టి చూస్తాం. బూడిదరంగులో నూగులాంటి పొడి ఉంటే అది మామూలు అరుగుదల. కాగితాన్ని వంచినప్పుడు ఎక్కడైనా ఒక పలుకు తళుక్కుమంటే ఆ ఇంజిన్ ఆగిపోవాలి, విప్పాలి. ఎంత నూగు మామూలు, ఏ మెరుపు ప్రమాదం అన్నది కరదీపికలో రాసి ఉంటుంది, నిజమే. కానీ నాకది వచ్చింది నా పైనున్న సార్జెంట్ పక్కన నిలబడి, ఆయన వందలసార్లు కాగితం వంచి చూపించగా చూస్తే వచ్చింది. నా తర్వాత కుర్రవాళ్లకు నేను అలాగే చూపించాను. ఒక రకం విమానాన్ని తీసేసి, ఆ మనుషులను తలా ఒక దిక్కుకు పంపితే, ఈ చూపు ఎవరి దగ్గరా మిగలదు.

విత్తనాన్ని కూడా వండుకున్న దేశం న్యూజిలాండ్. 2000 సంవత్సరంలో అక్కడి ప్రభుత్వం అమెరికా నుంచి 28 ఎఫ్-16 విమానాలను లీజుకు తీసుకునే ఒప్పందాన్ని రద్దు చేసింది. 2001లో ఏకంగా తన యుద్ధ విమానాల విభాగాన్నే మూసేసింది. 17 స్కైహాక్ విమానాలను పైపూత పూసి భద్రపరిచి, అమ్మకానికి ఏళ్ల తరబడి ఎదురుచూశారు. చివరికి 2012లో ఎనిమిదింటిని అమెరికాలోని ఒక ప్రైవేటు సంస్థ కొన్నది, మిగిలినవి మ్యూజియాలకు పోయాయి. పైలట్లలో చాలామంది ఆస్ట్రేలియా, బ్రిటన్ దళాల్లో చేరిపోయారు. సముద్రం మధ్యలో ఉన్న చిన్న దేశం, దగ్గరలో శత్రువు లేడు, డబ్బును గస్తీ విమానాలకు, రవాణా విమానాలకు పెట్టుకుంటామన్నారు. వాళ్ల లెక్క వాళ్లది, తప్పని నేను తీర్పు చెప్పను. కానీ ఆ దేశం రేపు మనసు మార్చుకుంటే డబ్బుతో విమానాలు వస్తాయి గానీ, వాటిని నడిపే దళం తయారవడానికి చాలా ఏళ్లు పడుతుంది.

నెదర్లాండ్స్ దారి వేరు. వాళ్లు 213 ఎఫ్-16లు కొన్నారు, బడ్జెట్లు తగ్గుతున్న కొద్దీ వాటిని చిలీ, జోర్డాన్ వంటి దేశాలకు అమ్ముతూ వచ్చారు. వాటి స్థానంలో 85 ఎఫ్-35లు కొనాలనుకున్నారు. 2013లో ఇంత డబ్బుకు ఎన్ని వస్తే అన్నే అని గిరి గీసుకుని 37కు దిగారు. చాలా తక్కువన్న విమర్శ వచ్చింది. అయితే కుదించింది సంఖ్యనే, విద్యను తెంచలేదు. పాత రకం నుంచి కొత్త రకానికి మనుషులను మార్చే పని ఆగలేదు. తర్వాత పరిస్థితి మారి నిధులు పెరిగినప్పుడు 37ను 46కు, 52కు, 58కి పెంచుకోగలిగారు. విత్తనం ఉన్నవాళ్లు వాన పడగానే విత్తుకున్నారు.

ఇప్పుడు మన దేశానికి వస్తాను. మన రక్షణ బడ్జెట్‌ను ఎవరూ తగ్గించలేదు, ఏటా అంకె పెరుగుతూనే ఉంది. 2025-26లో అది 6 లక్షల 81 వేల కోట్లు. అందులో 1 లక్షా 60 వేల కోట్లు పింఛన్లకు పోతాయి. నేనూ ఆ పింఛను తీసుకునేవాణ్ణే, దేశం తన మాట నిలబెట్టుకుంటున్న డబ్బు అది, దాన్ని తగ్గించమని నేను అడగను. ఆయుధాలకు, విమానాలకు, ఓడలకు, మూడు దళాలకూ కలిపి మిగిలే మూలధనం 1 లక్షా 80 వేల కోట్లు. ఇందులో కూడా చాలా భాగం ఇదివరకే చేసుకున్న ఒప్పందాల వాయిదాలకు పోతుంది. కోత అన్న మాట వినిపించకపోయినా, కొత్త విమానం కొనే చేతికి అందే డబ్బు ఎప్పుడూ బిగుతుగానే ఉంటుంది.

ఆ బిగువు ఎక్కడ కనిపించిందో చెబుతాను. మన వైమానిక దళానికి మంజూరైన యుద్ధ విమాన స్క్వాడ్రన్లు, అంటే కలిసి పనిచేసే విమానాల జట్లు, 42. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు పలికాక మిగిలినవి 29. మిగ్-21 మనకు వచ్చింది 1963లో. అరవై రెండేళ్లు ఎగిరింది. 870కి పైగా విమానాలు మన దళంలో పనిచేశాయి. మిగ్-21 పోవలసినదే, ఎప్పుడో పోవలసినది. దాని స్థానంలో రావలసినవి సమయానికి రాకపోవడంతో దాన్నే లాగుతూ వచ్చాం. 2007లో 126 మధ్యశ్రేణి విమానాల కోసం టెండరు పిలిచారు, 2012లో రఫేల్‌ను ఎంపిక చేశారు, ధర దగ్గర, తయారీ బాధ్యత దగ్గర చర్చలు తెగక 2015లో దాన్ని విరమించారు. 2016లో 36 రఫేళ్లకు ఒప్పందం కుదిరింది. 2020 జులైలో మొదటి ఐదు అంబాలాలో దిగాయి. నేను మొదట చెప్పిన ఊహా లెక్కను ఇక్కడ పెట్టి చూడండి. ఈ 36 విమానాల రెండు స్క్వాడ్రన్ల కోసం ఒక రకపు స్థిరమైన ఖర్చంతా, సిమ్యులేటర్ నుంచి హ్యాంగరు దాకా, మొత్తం మనం భరిస్తున్నాం. విమానం గొప్పది, సందేహం లేదు. కానీ ఇంత తక్కువ సంఖ్యలో ఒక రకాన్ని ఉంచుకోవడం డబ్బు తక్కువున్న ఇంటికి బరువు. ఇలాంటప్పుడు ఆ రకాన్నే పెంచుకోవడం, మరో కొత్త రకాన్ని తెచ్చుకోవడం కంటే పొదుపు అని నా అభిప్రాయం.

విత్తనం మాట విమానాలు నడిపేవాళ్లకే కాదు, తయారుచేసేవాళ్లకు కూడా వర్తిస్తుందని మన దేశంలో తయారయ్యే తేజస్ యుద్ధ విమానం నేర్పింది. 2021 ఫిబ్రవరిలో 83 తేజస్ మార్క్-1ఎ విమానాలకు ఆర్డరు ఇచ్చాం, అదే ఏడాది ఆగస్టులో వాటి కోసం 99 ఎఫ్-404 ఇంజిన్లకు ఆర్డరు పెట్టాం. అంతకుముందు ఇచ్చిన 65 ఇంజిన్ల ఆర్డరు 2016 నాటికి పూర్తయిపోవడంతో, మన విమానానికి సరిపోయే ఆ రకం ఇంజిన్ల తయారీ వరుసను అమెరికా సంస్థ ఆపేసి ఉంది. కొత్త ఆర్డర్ లేకుండా ఐదేళ్లు గడిచాయి. సరఫరాదారులు వేరే పనుల్లోకి పోయారు. ఆ వరుసను మళ్లీ నిలబెట్టి మొదటి ఇంజిన్ పంపేసరికి 2025 మార్చి అయింది. 2024 మార్చి నుంచే రావలసిన విమానాలు వెనకబడ్డాయి. ఆ మధ్యలో కనీసం కొన్ని ఇంజిన్లకైనా ఏటా ఆర్డర్ ఇస్తూ పోయి ఉంటే, పొయ్యిలో నిప్పు ఆరకుండా ఉండేది. 2025 సెప్టెంబరులో మరో 97 తేజస్‌లకు ఒప్పందం జరిగింది. ఇది నాకు చాలా సంతోషం కలిగించిన వార్త, ఎందుకంటే వరుస ఆగకముందే తర్వాతి ఆర్డరు పడింది.

మన పక్కనే జరిగిన ఇంకొక సంగతి. దుండిగల్ వైమానిక దళ అకాడమీలో కొత్త పైలట్లకు అఆలు నేర్పే హెచ్‌పీటీ-32 విమానాలను వరుస ప్రమాదాల తర్వాత 2009లో నిలిపేశారు. ప్రాథమిక శిక్షణకు వేరే విమానం సిద్ధంగా లేదు. రెండో దశలో వాడవలసిన కిరణ్ జెట్ల మీదే మొదటి పాఠాలు కూడా నేర్పవలసి వచ్చింది. 2013లో పిలాటస్ విమానాలు వచ్చాకే ఆ ఇబ్బంది తీరింది. అది బడ్జెట్ కోత కాదు, భద్రత కోసం తీసుకున్న సరైన నిర్ణయం. కానీ ఒక రకం పోతే దాని బరువు ఇంకో రకం నెత్తిన ఎలా పడుతుందో చూడటానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు లేదు.

స్క్వాడ్రన్ విమానాలు పోయినా దాని పేరును, చిహ్నాన్ని, చరిత్రను దాచి ఉంచే సంప్రదాయం మన దళంలో ఉంది, దాన్ని నంబర్‌ప్లేట్ చేయడం అంటారు. 17వ స్క్వాడ్రన్, గోల్డెన్ ఆరోస్, మిగ్-21లు పోయి 2016లో నంబర్‌ప్లేట్ అయింది, 2019 సెప్టెంబరులో రఫేళ్ల కోసం మళ్లీ లేచింది. ఆ పేరు మళ్లీ విన్నప్పుడు నాలాంటి వాళ్లకు కళ్లు చెమర్చాయి. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. పేరును అల్మారాలో పెట్టవచ్చు, మనుషులను పెట్టలేం. ఆ మధ్యకాలంలో ఆ స్క్వాడ్రన్ టెక్నీషియన్లు ఎక్కడికి బదిలీ అయ్యారు, వాళ్లకు వచ్చిన పని ఎక్కడైనా వాడుకలో ఉందా అన్నది జెండా కంటే ముఖ్యమైన ప్రశ్న.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని న్యాయంగా చెప్పాలి. ఖర్చు కోసం రకాలు తగ్గించుకుంటూ పోతే ఒకే రకం మీద దేశమంతా ఆధారపడే ప్రమాదం ఉంది. 2014 అక్టోబరులో పుణె దగ్గర ఒక సుఖోయ్-30 కూలిపోయింది, పైలట్లు కోరకుండానే వాళ్ల సీట్లు బయటికి ఎగిరాయని అనుమానం వచ్చింది. కారణం తేలేదాకా ఆ రకం విమానాలన్నిటినీ నేల మీద నిలిపారు. మన యుద్ధ విమానాల్లో దాదాపు మూడో వంతు కొన్ని వారాల పాటు కదలలేదు. ఆ రోజుల్లో మిగిలిన రకాలే ఆకాశాన్ని చూసుకున్నాయి. అందుకే ఒకే రకం మేలని నేను అనడం లేదు. మన దగ్గర ఇప్పుడు సుఖోయ్, రఫేల్, మిరాజ్, మిగ్-29, జాగ్వార్, తేజస్ అని ఆరు రకాలున్నాయి. మన వంటి దేశానికి మూడు చాలు, నాలుగు వరకు ఫర్వాలేదు. ఆరు మోయడం కష్టం. జాగ్వార్‌ను బ్రిటన్ 2007లోనే విరమించింది, ఫ్రాన్స్, ఒమన్ వదిలేసిన పాత జాగ్వార్ల నుంచి మనం విడిభాగాలు తెచ్చుకున్నాం. ప్రపంచంలో దాన్ని ఇంకా ఎగురవేస్తున్నది మనమే. ఇలాంటి రకాన్ని ఎంత కాలం ఉంచితే అంత ఖర్చు. కానీ దాన్ని తీసే తేదీని, దాని స్థానంలో వచ్చే విమానం నిజంగా స్థావరంలో దిగే తేదీకి ముడి వేయాలి. బ్రిటన్ 2019లో టోర్నడోను విరమించినప్పుడు ఇలాగే చేసింది. టోర్నడో మోసే స్టార్మ్ షాడో, బ్రిమ్‌స్టోన్ క్షిపణులను ముందే టైఫూన్ అనే మరో యుద్ధ విమానానికి అమర్చి, పరీక్షించి, పైలట్లకు నేర్పించి, ఆ తర్వాతే మార్చి 31న టోర్నడోకు సెలవు ఇచ్చింది. హారియర్ విషయంలో చేసిన పొరపాటును తొమ్మిదేళ్లకు దిద్దుకుంది.

ఒక విద్యార్థిని చీటీ మీద రాసి పంపిన ప్రశ్న నా ముందుంది. ‘మేము ఇక్కడి నుంచి ఇందులో చేయగలిగింది ఏముంది?’ అని అడిగింది. అమ్మా, నీకు దగ్గరలోనే ఉంది. ఇబ్రహీంపట్నం పక్కన ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల చట్రాలు తయారవుతున్నాయి, ఎఫ్-16 రెక్కలు తయారయ్యాయి. తేజస్ మార్క్-1ఎ మధ్యభాగపు చట్రాన్ని హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు సంస్థ తయారుచేసి 2025లో అప్పగించింది. రఫేల్ చట్రాలను హైదరాబాద్‌లో తయారు చేయడానికి 2025 జూన్‌లో ఒప్పందం జరిగింది, మొదటిది 2028లో బయటికి రావాలన్నది ప్రణాళిక. నల్లగొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్ పిల్లలు ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో చదివి అక్కడ రివెట్లు కొడుతున్నారు. ఒక రివెట్ సరిగా కూర్చుందో లేదో వేలి కొసతో తడిమి చెప్పగలగడానికి వాళ్లకు రెండు మూడేళ్లు పడుతుంది. ఆర్డర్లు ఆగిపోతే ముందుగా ఇంటికి వచ్చేది వాళ్లే. మీ ఎంపీని, మీ ఎమ్మెల్యేని ఎప్పుడైనా అడిగే అవకాశం వస్తే ఎన్ని విమానాలు కొన్నారని మాత్రమే అడగకండి. ఈ వరుస ఆగకుండా తర్వాతి ఆర్డరు ఎప్పుడు పడుతుందని అడగండి.

ఇంకొక చీటీ. ‘మిగ్-21ను ఇంకొన్నాళ్లు ఉంచితే స్క్వాడ్రన్ల సంఖ్య తగ్గేది కాదు కదా’ అని. లేదు బాబూ. ఆ విమానం మీద పనిచేసిన మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. చివరి ఏళ్లలో ప్రతి సాయంత్రం ఎన్ని విమానాలు పోయాయో, అన్నీ తిరిగి వచ్చాయో లేదో లెక్కపెట్టుకుంటూ రన్‌వే వైపు చూస్తూ నిలబడేవాళ్లమని వాళ్లు చెప్పారు. సంఖ్య కోసం అలా ఎవరూ నిలబడకూడదు. ఆ స్క్వాడ్రన్లలో చివరిదాకా పనిచేసిన కుర్రవాళ్లు ఇప్పుడు వేరే విమానాల మీదికి మారుతున్నారు. వాళ్లలో ఒకడు పోయిన నెల ఫోన్ చేశాడు. కొత్త ఇంజిన్ దగ్గర మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటున్నానని, అయినా నూనె ప్లగ్ తీసి కాగితం మీద తుడిచినప్పుడు చూపు మాత్రం పాతదే పనికొచ్చిందని చెప్పాడు.

మిగిలిన ప్రశ్నలకు బయట చెట్టు కింద కూర్చుని జవాబులు చెబుతాను. నమస్కారం.